డిగ్రీ తరువాత క్యాట్ కోసం ఒక సంవత్సరం ఆపాలా?

ప్రశ్న: మాది ఆదోని, పత్తి వ్యాపారం. మా అమ్మాయి కర్నూలులో హాస్టల్లో ఉండి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. డిగ్రీ కాగానే ఒక సంవత్సరం హైదరాబాద్‌లో ఉంచి క్యాట్ కోచింగ్ ఇప్పించాలని అనుకుంటున్నాం. లేక ఐసెట్ రాయించి దగ్గర్లోనే ఎంబీఏ చేయించడం మేలా? సంవత్సరం వృథా అయి, చివరికి అటూ ఇటూ కాకుండా పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీరు రెండు పరీక్షల మధ్య పోలిక అడిగారు: ఐఐఎంల వంటి పేరున్న మేనేజ్‌మెంట్ సంస్థల్లో ప్రవేశానికి దేశమంతటా జరిగే క్యాట్, రాష్ట్రంలోని ఎంబీఏ సీట్ల కోసం జరిగే ఐసెట్. నేను ముందు మీ చివరి వాక్యానికే జవాబు చెబుతాను. నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఆ వాక్యంతోనే ముగుస్తాయి. క్యాట్‌కు వయోపరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నిబంధన కూడా లేదు. ఇరవై ఒకటో ఏట సీటు రాకపోతే ఇరవై నాలుగో ఏట రాయవచ్చు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు ఐఐఎం తరగతుల్లో చాలామందే కనిపిస్తారు. కాబట్టి ఈ ఏడాది తప్పితే అంతా పోయినట్టేనన్న దిగులు మీరూ పెట్టుకోకండి, పిల్ల నెత్తినా పెట్టకండి.

ఇక ఆ హైదరాబాద్ సంవత్సరం. ఇప్పుడు ఇంటింటా వినిపిస్తున్న ఈ ఆలోచన మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. క్యాట్ రెండు గంటల పరీక్ష. చదివింది అర్థం చేసుకోవడం, లెక్క, తర్కం, ఏ ప్రశ్న వదిలేయాలో తెలియడం, ఇవే అందులో చూస్తారు. ఇవి రోజుకు రెండు గంటల చొప్పున కొన్ని నెలల పాటు అలవాటు చేసుకుంటే వస్తాయి. హాస్టల్ గదిలో పన్నెండు గంటలు కూర్చోబెట్టినంత మాత్రాన వేగంగా రావు. పైగా డిసెంబరు నాటికి పరీక్ష అయిపోతుంది, చేతిలో ఉద్యోగం ఉండదు, తరగతులు మొదలయ్యేది మరుసటి జూన్‌లో. ఇంటర్వ్యూలో “ఈ ఏడాది ఏం చేశావు?” అని అడిగితే కోచింగ్ అన్న ఒక్క మాట దగ్గరే ఆమె ఆగిపోవాల్సి వస్తుంది. డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు కూడా క్యాట్ రాయవచ్చు. ఈ నవంబరులోనే కర్నూలు కదలకుండా రాయనివ్వండి. మంచి మార్కులు వస్తే సంతోషం. రాకపోతే ఉద్యోగంలో చేరి, పని చేసుకుంటూ మళ్లీ రాస్తుంది.

తెలుగు మీడియం అని మీరు దిగులు పడనక్కర్లేదు. 2024లో మొత్తం 68 ప్రశ్నల్లో ఇంగ్లీషు భాగానివి 24, వాటిలో 16 ఇచ్చిన వ్యాసాలు చదివి జవాబివ్వాల్సినవే. వ్యాకరణ సూత్రాలు అప్పజెప్పమని ఎవరూ అడగరు. అమ్మాయిని రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి, పేపరు మూసి, రాసినాయన ఏమంటున్నాడో, దేన్ని ఒప్పుకోవడం లేదో తెలుగులో రెండు వాక్యాలు రాయమనండి. తెలుగులో రాయగలిగితే అర్థమైనట్టే. రాయలేకపోతే అదే పేరా మళ్లీ చదవాలి. కొత్త పదాల జాబితాలు నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాయడం మాత్రం మాన్పించండి.

మాక్ టెస్టులో 60 మార్కులే వచ్చాయని ఏడుస్తూ ఫోన్ చేసే పిల్లలు ఏటా ఉంటారు. ఈమధ్య సంవత్సరాల్లో మొత్తం మార్కుల్లో సగం కూడా రాకుండానే 99 పర్సంటైల్, అంటే రాసినవాళ్లలో నూటికి 99 మందిని దాటిన స్థానం, తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఒప్పుకు మూడు మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నల్లో తప్పుకు ఒకటి కోత. అన్నీ రాయాలనుకునేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ఐసెట్ సంగతి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పులకు కోత లేదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, తిరుపతి శ్రీవేంకటేశ్వర వంటి విశ్వవిద్యాలయాల్లో తక్కువ ఖర్చుతో సీటు దొరికితే అది చిన్నతనం ఏమీ కాదు. క్యాట్‌కు చదివిన పిల్ల దానికి విడిగా పెద్దగా చదవనక్కర్లేదు, రెండూ రాయించండి. నా భయమంతా ఈ రెంటికీ మధ్య ఉన్న ప్రైవేటు బిజినెస్ స్కూళ్ల గురించి. ఎంత స్కోరు వచ్చినా పిలిచి, పన్నెండు పదిహేను లక్షలు అడిగేవి. అహ్మదాబాద్ ఐఐఎంలో ఫీజు 25 లక్షలు దాటింది, అయినా ఐఐఎం సీటంటే బ్యాంకులు తాకట్టు లేకుండానే అప్పు ఇస్తాయి. అదే మామూలు ప్రైవేటు కళాశాల అయితే, సాధారణంగా 7.5 లక్షలు దాటగానే మీ స్థలం కాగితాలు అడుగుతాయి. బ్యాంకుకు ఆ చదువు మీద నమ్మకం లేనప్పుడు మీరెందుకు ఇల్లు తాకట్టు పెట్టాలి?

ఒక మాట కటువుగానే చెబుతాను. మీ ఉత్తరంలో కోచింగ్ ఉంది, ఖర్చు ఉంది, భయం ఉంది. అమ్మాయికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. ఆమెను అడిగారా? ఆదోని యార్డులో వ్యాపారం చేస్తూ, కూతురిని ఎప్పుడైనా వేలం దగ్గరకు తీసుకెళ్లారా? తేమ 8 శాతం దాటితే ధర ఎందుకు తగ్గుతుందో, 12 దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ ఎందుకు కొనదో, సీసీఐ మద్దతు ధరకు దిగిన రోజు మీ లెక్క ఎలా మారుతుందో ఆమెకు తెలుసా? ఇంటర్వ్యూలో “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అని అడగవచ్చు. ఇంట్లో ఇంత వ్యాపారం పెట్టుకుని, మేనేజ్‌మెంట్ నేర్చుకోవడానికి డబ్బిచ్చి హైదరాబాద్ పంపుతామంటే నాకు కష్టంగా ఉంది. ఇంటర్న్‌షిప్‌కు సర్టిఫికెట్ కొనిపెట్టే పని కూడా చేయకండి. ఊళ్లో ఆడిటర్ దగ్గర కూర్చోబెట్టండి, జీఎస్టీ రిటర్నులు చేత్తో వేసి నేర్చుకోనివ్వండి.

క్యాట్ రిజిస్ట్రేషన్ ఏటా ఆగస్టులో మొదలవుతుంది. మీకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ గానీ ఈడబ్ల్యూఎస్ గానీ వర్తిస్తే, కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే ధ్రువపత్రం తీసుకోవాలి. రాష్ట్ర నమూనాలో ఉన్న కుల పత్రం చాలదు. అది చేతికి రావడానికి సమయం పట్టవచ్చు, ఈ వారమే దరఖాస్తు చేయండి.