ఆప్టోమెట్రీ డిగ్రీకి ఏ కాలేజీ ఎంచుకోవాలి? చదివాక ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

మీ అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసిందని, నీట్ ర్యాంకుతో ఎంబీబీఎస్ సీటు రాదని తేలాక, చూపు పరీక్షించి అద్దాలు, లెన్సులు ఇవ్వడం నేర్పే ఆప్టోమెట్రీ వైపు చూస్తోందని రాశారు. కంటి ఆసుపత్రికి అనుబంధంగా నడిచే చిన్న కాలేజీలో ఒక సీటు, పెద్ద ప్రాంగణమున్న ప్రైవేటు యూనివర్సిటీలో మరో సీటు చేతిలో ఉన్నాయని, ఏది మేలో చెప్పమని అడిగారు. నేను ఈ వృత్తిలో పదేళ్లకు పైగా ఉన్నాను. మొదట కంటి ఆసుపత్రి ఓపీలో, తర్వాత కళ్లద్దాల షాపులో పనిచేశాను. ఇప్పుడు కాంటాక్ట్ లెన్స్ క్లినిక్ చూసుకుంటూ, ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలకు పని నేర్పుతున్నాను. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: యూనివర్సిటీ పేరును పక్కన పెట్టి, ఏ కాలేజీ మీ అమ్మాయిని ఎక్కువమంది రోగుల ముందు, అనుభవమున్న గురువు పర్యవేక్షణలో కూర్చోబెడుతుందో అందులో చేర్చండి.

కంటి పవర్‌ను కొలిచే రెటినోస్కోపీనే తీసుకోండి. చీకటి గదిలో రోగి కంటిపాపలోకి సన్నని కాంతి గీతను పంపి, దాన్ని అటూ ఇటూ కదిలిస్తూ, లోపలి నుంచి తిరిగివచ్చే ఎర్రటి వెలుగు మన గీతతో పాటు కదులుతోందా, ఎదురు తిరుగుతోందా అని గమనిస్తూ, ఆ కదలిక ఆగేదాకా ట్రయల్ లెన్సులు మారుస్తూ పోవాలి. సూత్రం ఒక్క క్లాసులో అర్థమవుతుంది. కానీ మూడేళ్ల పిల్లవాడు ఏడుస్తూ తల తిప్పేస్తున్నప్పుడు, శుక్లం ముదిరిన పెద్దాయన కంట్లో వెలుగే సరిగా అందనప్పుడు, కెరటోకోనస్ (నల్లగుడ్డు మీది పారదర్శక పొర పలచబడి శంఖంలా ముందుకు పొడుచుకురావడం) ఉన్న కంట్లో ఆ వెలుగు రెండుగా చీలి కనిపిస్తున్నప్పుడు పవర్ ఇంత అని నమ్మకంగా రాయగలగడం వందల కళ్లు చూస్తేనే వస్తుంది. రోగులు తక్కువగా వచ్చే చోట చదివిన వారిలో కొందరు, పవర్‌ను తనంతట తానే కొలిచే ఆటోరిఫ్రాక్టోమీటర్ యంత్రం కాగితం మీద వచ్చిన అంకెనే రాసేస్తారు. పిల్లల కన్ను దగ్గరి చూపుకు బిగుసుకుని ఉంటే ఆ యంత్రం ఉన్నదానికంటే ఎక్కువ మైనస్ చూపిస్తుంది. అందుకే చుక్కల మందు వేసి, కన్ను సడలాక మళ్లీ చూడాలి. ఈ జాగ్రత్త తెలియని వారి చేతిలో ఆ బిడ్డకు అక్కర్లేని అద్దాలు వస్తాయి.

మన దేశంలో ఈ చదువు కంటి ఆసుపత్రుల ఒడిలోనే పెరిగింది. నాలుగేళ్ల డిగ్రీని మొదట ప్రారంభించిన ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ 1985లో చెన్నైలో శంకర నేత్రాలయకు అనుబంధంగా మొదలైంది. హైదరాబాద్‌లో 1987లో ఏర్పడిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా ఆసుపత్రితో పాటే ఆప్టోమెట్రీ శిక్షణను నిలబెట్టింది. అంతమాత్రాన ప్రైవేటు యూనివర్సిటీలను కొట్టిపారేయనక్కర్లేదు. సొంత మెడికల్ కాలేజీలో రద్దీగా ఉండే కంటి విభాగం ఉన్నవి, పెద్ద ఆసుపత్రులతో నిజంగా ఒప్పందం ఉన్నవి మంచి విద్యార్థులనే తయారుచేస్తున్నాయి. మీరు వెళ్లినప్పుడు విద్యార్థులకు ఏ సంవత్సరం నుంచి ఓపీలో డ్యూటీ వేస్తారో, ఇంటర్న్‌షిప్ ఆసుపత్రిని కాలేజీయే చూపిస్తుందో లేక ఎవరికి వారే వెతుక్కోవాలో, కాంటాక్ట్ లెన్స్, లో విజన్ (అద్దాలతోనూ సరికాని మందగించిన చూపు), మెల్లకన్ను క్లినిక్‌లు విడిగా ఉన్నాయో లేదో, పాఠాలు చెప్పేవారిలో ఎం.ఆప్టోమ్ (ఆప్టోమెట్రీలో పీజీ) చేసినవారు ఎందరున్నారో అడగండి. ప్రిన్సిపాల్ గదిలో విన్నదానికంటే చివరి సంవత్సరం విద్యార్థులు క్యాంటీన్‌లో చెప్పేది ఎక్కువ నమ్మదగినది.

డిగ్రీ పేరును, కాలాన్ని కూడా జాగ్రత్తగా చూడండి. ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లకు తగ్గని డిగ్రీలో చేర్చండి. రెండేళ్ల డిప్లొమాలకూ, ఇంటర్న్‌షిప్ లేని మూడేళ్ల కోర్సులకూ ఫీజు తక్కువే గానీ, తర్వాత పైచదువుకు, విదేశాలకు దారి ఇరుకవుతుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి ఆప్టోమెట్రీ కూడా వచ్చింది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌గా గుర్తింపు పొందాలంటే కనీసం 3600 గంటల డిగ్రీ చదువు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. కాబట్టి మీ కోర్సు ఆ లెక్కకు సరిపోతుందని కాలేజీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఉద్యోగం దొరకడం కష్టం కాదు. మొదట్లో జీతం తక్కువగా ఉండడమే కష్టం. కంటి ఆసుపత్రులు, లెన్స్‌కార్ట్, టైటన్ ఐ ప్లస్ వంటి షాపులు కొత్తవారిని తీసుకుంటూనే ఉంటాయి. షాపులో జీతం కొంచెం మెరుగ్గా ఉండవచ్చు గానీ, అమ్మకాల టార్గెట్లూ ఉంటాయి. మొదటి రెండు మూడేళ్లు ఆసుపత్రిలో గడిపినవారు తర్వాత ఎక్కడైనా నిలదొక్కుకోవడం నేను చూశాను. ప్రభుత్వ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుని చేర్చకండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలై 2023లో రెండో విడత నడిచిన కంటి వెలుగు అనే ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం వల్ల ఎంతోమంది ఆప్టోమెట్రిస్టులకు పని దొరికింది, కానీ అది ఆ కార్యక్రమం నడిచినన్నాళ్ల పని. ఆప్తాల్మిక్ ఆఫీసర్ వంటి శాశ్వత పోస్టులు అరుదుగా పడతాయి. పడినప్పుడు నోటిఫికేషన్‌లో ఏ అర్హత అడిగారో చూసుకోవాలి. పిల్లల్లో సైటు పెరగకుండా అదుపుచేసే మయోపియా క్లినిక్‌లు, కెరటోకోనస్ రోగులకు వాడే స్క్లీరల్ లెన్సులు, లో విజన్ సేవలు వంటి వాటిలో నైపుణ్యం సంపాదించిన వారికి ఆదరణ, ఆదాయం రెండూ పెరుగుతున్నాయి. మీ అమ్మాయికి చదువు మీద మక్కువ ఉంటే ఎం.ఆప్టోమ్ తప్పకుండా చేయించండి. అయితే శస్త్రచికిత్స ఆప్టోమెట్రిస్టు పని కాదు. ఎంబీబీఎస్‌కు బదులుగా కాక, ఇది వేరే వృత్తి అని తెలిసి ఇష్టపడి చేరితేనే ఆమె సంతోషంగా ఉంటుంది.

అమెరికా గురించి మన ఇళ్లలో తప్పక అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడి బి.ఆప్టోమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ)తో అక్కడ ప్రాక్టీసు చేయడానికి లైసెన్సు రాదు. అక్కడి ఓడీ అనే డాక్టరేట్ చదివి, జాతీయ బోర్డు పరీక్షలు రాయాలి. ఆ చదువు ఖరీదైనది. ఆస్ట్రేలియాలో విదేశీ డిగ్రీ ఉన్నవారు అర్హత పరీక్ష ద్వారా నమోదు కావచ్చు. గల్ఫ్‌లో లైసెన్సు పరీక్షతో పాటు అనుభవం ధ్రువపత్రాలు అడుగుతారు. ఎక్కడికి దరఖాస్తు చేసినా సిలబస్ ప్రతి, క్లినిక్‌లో గడిపిన గంటల లెక్క, పర్యవేక్షకుల సంతకాలున్న కేసుల లాగ్‌బుక్ అక్కరకు వస్తాయి. కాలేజీ అడగకపోయినా, ఓపీలో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచే ఆమె చేత లాగ్‌బుక్ రాయించండి.