చల్లటి వాతావరణంలోనూ ఎండకు చర్మం కములుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనంతపురం దగ్గర పల్లెటూరు. ఉద్యోగం కోసం వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. వయసు 27. పోయిన ఆదివారం ఫ్రెండ్స్‌తో బైక్ మీద నంది హిల్స్ వెళ్లాను. మబ్బుగా, చల్లగా ఉందని హాఫ్ హ్యాండ్స్ టీషర్టుతోనే తిరిగి, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చాను. రాత్రికి మెడ వెనక, ముంజేతుల మీద ఎర్రబడి మంట మొదలైంది. మర్నాడు మెడ మీద చిన్న చిన్న నీటి పొక్కులు వచ్చాయి. అమ్మ నిమ్మరసం రాయమంటోంది, రూమ్మేట్ టూత్‌పేస్ట్ అంటున్నాడు. మొటిమలకు నెల రోజులుగా డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నాను. మా ఊళ్లో 42 డిగ్రీల ఎండలో కూడా ఏమీ కాలేదు. ఇక్కడెందుకు ఇలా అయింది?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది ఎండకు చర్మం కమలడమే, అంటే సన్‌బర్న్. మామూలుగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. ముందు మీ అమ్మగారికి చెప్పండి, నిమ్మరసం వద్దు. కమిలిన చర్మం మీద అది ఇంకా మండుతుంది. పైగా నిమ్మరసం అంటిన చోట మళ్లీ ఎండ తగిలితే కొత్తగా పొక్కులు, నల్లమచ్చలు వస్తాయి. టూత్‌పేస్ట్ కూడా వద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. చర్మాన్ని కమిలించేది ఎండలోని వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు, ముఖ్యంగా యూవీ-బి. అవి కంటికి కనపడవు, ఒంటికి వేడిగానూ తెలియవు. పలచటి మబ్బులోంచి చాలావరకు దిగివస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ వాటి తీవ్రత ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతుంది. బెంగళూరే సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, నంది హిల్స్ దాదాపు 1,480 మీటర్లు. పైగా మనం భూమధ్యరేఖకు దగ్గర. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో బెంగళూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు.

మీ ఊళ్లో మీకేమీ కాకపోవడానికి కారణం ఎండ తక్కువగా ఉండటం కాదు. అక్కడ పన్నెండయ్యేసరికి ఆ వేడే మనిషిని నీడకు తరిమేస్తుంది. బయటికి వెళ్లక తప్పకపోతే తలకు తువ్వాలు చుట్టుకుంటాం. బెంగళూరు చల్లగాలికి ఆ జాగ్రత్త గుర్తుకే రాదు. బైక్ మీద ఇంకా హాయిగా ఉంటుంది. హెల్మెట్ తలను కాపాడింది గానీ మెడ వెనక భాగాన్ని కాదు. హ్యాండిల్ పట్టుకున్న ముంజేతులు దారి పొడవునా ఎండలోనే ఉన్నాయి. చామనఛాయ చర్మానికి కొంత రక్షణ ఉన్న మాట నిజమే, కానీ పూర్తి రక్షణ లేదు.

వీటికి తోడు డాక్సీసైక్లిన్. ఆ మందు ఎండ ప్రభావాన్ని బాగా పెంచుతుంది. మందు రాసిన డాక్టర్‌కు ఈరోజే ఫోన్ చేసి జరిగింది చెప్పండి. కొనసాగించాలో మార్చాలో వారు నిర్ణయిస్తారు. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి కొన్ని మందులతోనూ ఈ ఇబ్బంది ఉంది. కొత్త మందు మొదలుపెట్టినప్పుడు, ఎండలో తిరగొచ్చా అని తప్పకుండా అడగండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డను రోజుకు నాలుగైదుసార్లు పది నిమిషాల చొప్పున వేయండి. ఐస్ నేరుగా పెట్టొద్దు. ఒళ్లు కొంచెం తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. పొక్కులను గిల్లొద్దు, వాటి పైచర్మమే ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడుతుంది. వేరే ఇబ్బందులేమీ లేకపోతే నొప్పికి పారాసెటమాల్ చాలు. నీళ్లు ఎక్కువ తాగండి. జ్వరం, చలి, వాంతులు, కళ్లు తిరగడం ఉన్నా, పొక్కులు పెరిగినా, చీము పట్టినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

మళ్లీ బయటికి వెళ్లేటప్పుడు మొదట నమ్మాల్సింది బట్టలను. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, లేదంటే సిగ్నళ్ల దగ్గర అమ్మే ఆర్మ్ స్లీవ్స్, మెడకు కర్చీఫ్. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టే. బట్టలు కప్పని చోట్ల ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 30 లేదా 50 ఉన్న సన్‌స్క్రీన్ రాయండి. యూవీ-బిని 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం ఆపుతాయి కాబట్టి ఖరీదైనది కొనడం కంటే సరిపడా రాయడం ముఖ్యం. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పట్టేంత క్రీమ్ కావాలి. బయల్దేరడానికి పావుగంట ముందు రాసి, ప్రతి రెండు గంటలకూ, చెమట పట్టి తుడుచుకున్నాకా మళ్లీ రాయాలి.

మరో మాట. పొట్టు రాలాక అక్కడ కొన్నాళ్లు నల్లగా ఉండొచ్చు. ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని వారాల నుంచి నెలల్లో అదే తగ్గుతుంది. ఈలోగా ఎవరో చెప్పారని మెడికల్ షాపులో తెల్లబరిచే క్రీములు కొనకండి. వాటిలో చాలావాటికి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, మానేయగానే ఎర్రగా మండుతుంది, మొటిమలు ఇంకా పెరుగుతాయి.