సంభాషణ సన్నివేశాల్లో గ్లిచ్‌లు పట్టుకోవడం గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి శశాంక్‌కు మేనత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు గేమ్ టెస్టింగ్‌లో చేరావనీ, మొదటి విడతలోనే ఒక రోల్ ప్లేయింగ్ గేములోని సంభాషణ సన్నివేశాలను నీకు అప్పగించారనీ మీ నాన్న చెప్పినప్పుడు చాలా సంతోషం కలిగింది. ఏళ్ల తరబడి అదే పని చేసినదాన్ని గనుక నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాయాలనిపించింది. గ్లిచ్, అంటే గేములో వింతగా బయటపడే లోపం, కనబడగానే నవ్వు ఆగడం లేదనీ, తీరా రిపోర్టు రాయడానికి కూర్చుంటే ఏం రాయాలో తోచడం లేదనీ అన్నావు. నవ్వు రావడంలో తప్పేమీ లేదు. ఏదో తేడా జరిగిందని బుద్ధికి అందేలోపే కంటికి తెలిసిపోయిందనడానికి అదే గుర్తు. అయితే నిన్ను నవ్వించింది పైకి కనబడే ముఖమే అయినా, తప్పింది దాని వెనకనున్న అనేక పొరల్లో ఏదో ఒకటి. ఆ పొర ఏదో గుర్తుపట్టి రాసిన రిపోర్టు యానిమేటరు చేతికి పనికొస్తుంది. ‘ముఖం వింతగా ఉంది’ అని రాసినది పనికిరాదు.

ముందుగా ఈ సన్నివేశాలు ఎలా తయారవుతాయో తెలుసుకో. ఒకే దారిలో సాగిపోయే కథ ఉన్న గేములో మాటల సన్నివేశాలు పరిమితంగా ఉంటాయి గనుక వాటిని యానిమేటర్లు ఒక్కొక్కటిగా చేత్తో దిద్దగలరు. రోల్ ప్లేయింగ్ గేము సంగతి అలా కాదు. ఆటగాడు ఎంచుకునే జవాబును బట్టి సంభాషణ కొమ్మలుగా చీలుతుంది. కథానాయకుడు పురుషుడో స్త్రీయో, పొడుగో పొట్టో, ఏ కవచం తొడుక్కుని ఏ సహచరుణ్ని వెంటబెట్టుకుని వస్తాడో తయారుచేసేవారికి ముందుగా తెలియదు. అందుకే సీడీ ప్రాజెక్ట్ రెడ్ వారు 2015లో విడుదల చేసిన ‘ది విచర్ 3’ కోసం, కెమెరా కోణాలనూ చేతుల కదలికలనూ చూపులనూ తనంతట తానే కూర్చే సాధనం ఒకటి తయారుచేసుకుని, అది ఇచ్చిన తొలి అమరికను తర్వాత డిజైనర్ల చేత దిద్దించారు. 2017 మార్చిలో ‘మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా’లోని ముఖాలు లోకమంతటా నవ్వులపాలైనప్పుడు, అంతకు ముందు ఆ వరుసలోని గేములకు పనిచేసిన యానిమేటర్ జొనాథన్ కూపర్ ఇదే విషయాన్ని ఓపికగా విడమరిచి చెప్పారు. ఇలాంటి గేముల్లో సన్నివేశాలను ప్రాధాన్యాన్ని బట్టి అంతస్తులుగా విడదీస్తారనీ, అడుగు అంతస్తులోని వాటిని యంత్రమే కూర్చుతుందనీ, పైకి పోయేకొద్దీ మనిషి చేయి పడుతుందనీ ఆయన వివరణ సారాంశం. దీన్ని నీ పనికి అన్వయించుకుంటే, ప్రధాన కథలోని పెద్ద సన్నివేశాలకంటే ఊరి చివర రైతు అడిగే చిన్న సహాయాల దగ్గరే నీకు గ్లిచ్‌లు ఎక్కువగా దొరుకుతాయి. నీ సమయాన్ని అక్కడ ఎక్కువగా ఖర్చు పెట్టు.

ఇక పొరల సంగతి. అన్నిటిలోకీ ఎక్కువగా నవ్వించేవి మెడ, కళ్లు. మాట్లాడే పాత్ర ఎదుటివారి వైపు చూడాలంటే, చూడవలసిన బిందువు ఒకటి ఇచ్చి, దాని వైపు తల ఎముకను, కనుగుడ్లను తిప్పమని గేముకు చెబుతారు. ఆ తిరుగుడుకు ఒక హద్దు కూడా పెడతారు. ఆ బిందువు పాత్ర వీపు వెనకకు పోయినా, హద్దు పనిచేయకపోయినా మెడ మనిషి మెడలా ఉండదు. 2010 అక్టోబరులో ‘ఫాల్అవుట్: న్యూ వేగాస్’ విడుదలైనప్పుడు చాలామంది చూసిన దృశ్యం ఇలాంటిదే. తలకు తుపాకీ గుండు తగిలి చావు తప్పించుకున్న కథానాయకుడు గుడ్‌స్ప్రింగ్స్ అనే ఊళ్లో డాక్టర్ మిచెల్ ఇంట్లో కళ్లు తెరుస్తాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఆ ముసలి డాక్టరు ఎంతో ఆప్యాయంగా నీ పేరేమిటని అడుగుతూ ఉండగా, ఆయన భుజాలు కదలకుండా తల మాత్రం మెడ మీద గుండ్రంగా తిరిగిపోతూ ఉంటుంది. గొంతులో ఆప్యాయత ఏమాత్రం తగ్గదు. గేము మొదటి నిమిషాల్లోనే ఇది ఎదురైనవారు ఎంత నవ్వుకున్నారో ఊహించుకో. మాటకు, కదలికకు వేర్వేరు పొరలు ఉంటాయనీ, ఒకటి చెడినా రెండోది ఏమీ ఎరగనట్టు సాగిపోతుందనీ ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. మెడ తిరిగిన సన్నివేశం కనబడితే కథానాయకుడు ఎక్కడ నిలబడి మాట మొదలుపెట్టాడో, పక్కన సహచరులు ఎవరున్నారో తప్పకుండా రాసుకో. చూపు ఎవరి మీదికి పోయిందో తరచుగా అక్కడే తెలుస్తుంది.

ముఖం కూడా ఒకే ముక్క కాదు. చర్మం, కనుగుడ్లు, పళ్లు, నాలుక, జుట్టు వేర్వేరు ముక్కలుగా తయారై ఎముకల చట్రానికి అతుక్కుంటాయి. 2014 నవంబరులో వచ్చిన ‘అస్సాసిన్స్ క్రీడ్ యూనిటీ’ రోల్ ప్లేయింగ్ గేముల కోవలోకి రాకపోయినా, ఈ విషయంలో దాన్ని చూడక తప్పదు. కంప్యూటర్ మీద ఆడిన కొందరికి అందులో ముఖచర్మం మాయమై, గాలిలో రెండు కనుగుడ్లు, రెండు వరుసల పళ్లు, చుట్టూ చక్కగా దువ్విన జుట్టు మాత్రమే మిగిలాయి. ఆ పళ్లే ప్రేమగా మాట్లాడాయి. ఆ గేమును తయారుచేసిన యూబీసాఫ్ట్ లోపాలను సరిదిద్దే ప్యాచ్‌లు విడుదల చేసి, క్షమాపణ చెప్పి, ‘డెడ్ కింగ్స్’ అనే అదనపు కథను ఉచితంగా ఇచ్చింది. నీకు ముఖంలో ఏదైనా లోపించినట్టు కనబడితే ఏ ముక్క లేదో, ఏ ముక్క ఉందో విడివిడిగా రాయి. కొన్ని క్షణాల తర్వాత అది తిరిగి వస్తే ఆ సంగతీ రాయి, ఎందుకంటే ఆలస్యంగా రావడం లోడింగుకు సంబంధించిన సమస్య, అసలు రాకపోవడం వేరే సమస్య.

పెదవుల గురించి నీకు ఎక్కువగా చెప్పనక్కర్లేదు. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన మనవాళ్లకు పెదవి ఒకటి పలుకుతుంటే చెవికి మరొకటి వినబడడం ఎలా ఉంటుందో బాగా తెలుసు. గేముల్లో లిప్‌సింక్‌ను, అంటే మాటకు తగిన పెదవుల కదలికను, చాలావరకు గొంతు రికార్డింగు నుంచి, పాఠం నుంచి సాఫ్ట్‌వేరే తయారుచేస్తుంది. ‘సైబర్‌పంక్ 2077’లో జాలి అనే సాధనంతో అనేక భాషలకు విడివిడిగా పెదవుల కదలికను రాబట్టారు. కాబట్టి ఒక భాషలో సరిగ్గా ఉన్న సన్నివేశం మరో భాషలోనూ సరిగ్గా ఉందని అనుకోకు.

ఆ సైబర్‌పంక్ 2020 డిసెంబరు 10న విడుదలైనప్పుడే టీ-పోజ్ అనే మాట మామూలు ఆటగాళ్ల నోళ్లలో కూడా బాగా నలిగింది. పాత్రను మొదట చెక్కేటప్పుడు ఇంగ్లీషు అక్షరం టీ ఆకారంలో రెండు చేతులూ బారచాచి నిలబెడతారు. ఆడవలసిన యానిమేషన్ ఏదీ అందకపోతే బొమ్మ ఆ పుట్టుక భంగిమలోనే ఉండిపోతుంది. అంటే టీ-పోజ్ కనబడినప్పుడు తప్పు యానిమేషన్ ఆడిందని కాదు, ఏ యానిమేషనూ ఆడలేదని అర్థం. రిపోర్టులో ఈ తేడా ఒక్కటి సరిగ్గా రాస్తే వెతికేవారికి సగం శ్రమ తగ్గుతుంది. చేతిలోని గ్లాసు గాలిలో నిలబడడం, కత్తిపిడి కడుపులోంచి బయటికి రావడం లాంటివి వస్తువు ఏ ఎముకకు కట్టి ఉందన్న పొరకు చెందుతాయి. వీటిని చూసినప్పుడు కథానాయకుడు మాటకు ముందు ఏ ఆయుధం పట్టుకున్నాడో గమనించు.

సంభాషణ జరిగేటప్పుడు చుట్టూ ఉన్న ప్రపంచం ఆగుతుందా, నడుస్తుందా అన్నది కూడా ముందే కనుక్కో. బెథెస్డా వారి 2006 నాటి ‘ఆబ్లివియన్’లో మాట మొదలుకాగానే ప్రపంచం ఆగిపోయి, ఎదుటివారి ముఖం తెరనిండా నిలిచేది. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’లో ఆ ఆగడం తీసేశారు. దానివల్ల ఊళ్లు జీవంతో కళకళలాడాయి, కానీ దుకాణదారు తన కష్టం చెప్పుకుంటుండగా మరొకరు మన ముందు నుంచి తాపీగా నడిచిపోవడం కూడా అప్పుడే వచ్చింది. నా మటుకు నేను ఆ మార్పు మంచిదేనంటాను. అలాంటి గేమును పరీక్షించేటప్పుడు మాత్రం ఒకే సంభాషణను పగలు, రాత్రి, సంతరద్దీలో, వానలో ఆడి చూడవలసిన బాధ్యత మన మీద పడుతుంది.

నవ్వు తెప్పించిన ప్రతిదీ బగ్, అంటే సరిదిద్దవలసిన తప్పు, కాదు. 2009లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో యుద్ధం ముగిశాక ముఖమంతా నెత్తుటి చుక్కలతో పాత్రలు ఏమీ జరగనట్టు మర్యాదగా మాట్లాడుకుంటాయి. అది కావాలని పెట్టినది, సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. స్కైరిమ్‌లో దుకాణదారు నెత్తిన బకెట్ బోర్లించి, అతని కళ్లముందే సరుకు ఎత్తుకుపోయిన ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. చూపుకు అడ్డం వస్తే కనబడదన్న నియమాన్ని గేము నిజాయితీగా పాటించిన ఫలితం అది. అదే గేములో ఒంటి రంగుకు పొంతన లేకుండా ముఖం మాత్రం నల్లబడి కనబడిందంటే చాలాసార్లు ఆటగాడు బయటి నుంచి తెచ్చి వేసుకున్న మోడ్ అనే మార్పుల మూటలోని ముఖపు ఫైళ్లు పాత్ర వివరాలతో సరిపోలకపోవడమే కారణం. కాబట్టి ఏదైనా రాసే ముందు సెట్టింగులు చూడు, డిజైన్ పత్రం చూడు, పరీక్షకు నీకిచ్చిన గేము కూర్పులో, అంటే నీ బిల్డ్‌లో, బయటి ఫైలేదీ లేదని నిర్ధారించుకో.

ఇప్పుడు పట్టుకునే పద్ధతి. ప్రతి సంభాషణకూ ముందు ఒక సేవ్ వేసి, దాన్ని చెరపకుండా ఉంచు. వీడియో రికార్డింగ్ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. గ్లిచ్ కనబడ్డాక మొదలుపెట్టిన వీడియోలో కారణం ఉండదు, ఫలితం మాత్రమే ఉంటుంది. మాట మొదలవడానికి ముందు అర నిమిషం నడక కూడా అందులో ఉండేలా చూసుకో. తర్వాత అదే సేవ్ నుంచి మళ్లీ ఆడి, ఒకసారికి ఒక్క విషయాన్నే మార్చు. ఒకసారి శిరస్త్రాణం తీసెయ్యి, మరోసారి సహచరుణ్ని దూరంగా ఉంచు, ఇంకోసారి ఫ్రేముల వేగాన్ని సెకనుకు 60 నుంచి 30కి తగ్గించు. డైలాగులను పూర్తిగా వింటూ ఒకసారి, గబగబా స్కిప్ చేస్తూ ఒకసారి ఆడడం అసలు మరిచిపోవద్దు. మనం టెస్టర్లం గనుక ప్రతి మాటా వింటాం. ఇళ్లలో ఆడేవారిలో చాలామంది బటన్ నొక్కుకుంటూ పోతారు. అలా నొక్కినప్పుడు పాత వాక్యపు కదలిక ముగియకముందే కొత్తది వచ్చి మీద పడుతుంది, చేతులు మెలికలు తిరుగుతాయి.

రిపోర్టు ఎలా రాయాలో ఒక నమూనా ఇస్తాను. ‘కమ్మరి తల పిచ్చిగా తిరుగుతోంది, చూసి నవ్వలేక చచ్చాను’ అని రాస్తే చదివినవారు నవ్వుకుని పక్కన పెట్టేస్తారు. దానికి బదులు ఇలా రాయి: ‘కొలిమికి ఎడమవైపు నుంచి కమ్మరిని పలకరించి, రెండో జవాబు ఎంచుకున్నప్పుడు, అతని మూడో వాక్యం మొదట్లో తల వెనకకు తిరిగి వాక్యం ముగిసేదాకా అలాగే ఉంది. కళ్లు, పెదవులు సరిగ్గా పనిచేశాయి. సహచరురాలు కమ్మరి వెనక నిలబడినప్పుడు ప్రతిసారీ జరిగింది. ఆమె లేనప్పుడు జరగలేదు. కుడివైపు నుంచి పలకరిస్తే జరగలేదు.’ ఇందులో నవ్వు లేదు గానీ, చూపు బిందువు సహచరురాలి మీదికి పోతోందేమోనని యానిమేటరుకు వెంటనే తోస్తుంది.

రిపోర్టులో లోపం తీవ్రత ఎంత వేయాలన్న దగ్గర చాలామంది కొత్తవాళ్లు తడబడతారు. ఎంత వింతగా ఉంది అన్నది కొలత కాదు, ఆ క్షణంలో కథ ఆటగాడి నుంచి ఏమి కోరుతోంది అన్నదే కొలత. సత్రంలో తాగుబోతు చెయ్యి బల్లలోకి దూరితే ఎవరికీ నష్టం లేదు, తీరికగా సరిచేసుకోవచ్చు. కొడుకు శవం పక్కన కూర్చున్న తల్లి కనుబొమ్మలు ఒక్క క్షణం పైకి ఎగిరినా, రచయితలు, గొంతునిచ్చిన నటి నెలల తరబడి కట్టుకున్నదంతా అక్కడే కూలిపోతుంది. చిన్న లోపమైనా సరే, దానికి పై స్థాయి ఇవ్వు. ఎవరైనా ఎందుకని అడిగితే ఆ సన్నివేశాన్ని శబ్దంతో సహా వేసి చూపించు.

మనుషుల విషయం కూడా ఒకటి చెప్పాలి. ఆండ్రోమెడా ముఖాల మీద ఎగతాళి సాగుతున్న రోజుల్లోనే, ఆ గేమును ప్రచురించిన ఈఏ సంస్థలో అంతకు ముందు పనిచేసి మానేసిన ఒక స్త్రీని ఆ యానిమేషన్‌కు నాయకురాలిగా పొరబడి ఎందరో నానా మాటలు అన్నారు. ఆ వార్త అబద్ధమనీ, అలాంటి వేధింపు తగదనీ గేమును తయారుచేసిన బయోవేర్ బహిరంగంగా ప్రకటించవలసి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన 1.05 ప్యాచ్‌తో కళ్ల తీరు, పెదవుల కదలిక మెరుగుపడ్డాయి. ఆ మరమ్మతు చేసినవారు కూడా అంతమంది నవ్వును భరిస్తూనే పని చేశారు. అందుచేత నీ రిపోర్టులో ఎవరి పేరునూ తప్పుతో ముడిపెట్టకు. విడుదల కాని గేములోని తమాషా క్లిప్పులు ఎంత నచ్చినా ఆఫీసు గడప దాటనివ్వకు. బృందంలో అందరూ కలిసి చూసి నవ్వుకునే ఏర్పాటు ఉంటే, ఆ సన్నివేశాన్ని తయారుచేసినవారు కూడా ఆ గదిలో ఉండి నవ్వేటట్టు చూడు.

సోమవారం నుంచి నీకు ఇచ్చిన మొదటి ఊరిలో, కథకు అంతగా సంబంధం లేని పాత్రలతోనే మొదలుపెట్టు. ఒక్కొక్కరినీ నాలుగు దిక్కుల నుంచీ పలకరించి, సహచరులు ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి ఆడి, మొదటి రెండు రిపోర్టుల నకలు నాకు చూపించడానికి మీ లీడ్ ఒప్పుకుంటే పంపు; ఒప్పుకోకపోతే వాటిని ఆయనతోనే కూర్చుని దిద్దించుకో.

ఇట్లు,
మీ మేనత్త