డైవింగ్ వాచీలోకి నీరు చేరితే వారంటీ వర్తించదా?

ప్రశ్న: నేను నర్సంపేట ప్రాంతంలో గాలి సిలిండరు కట్టుకొని వ్యవసాయ బావుల్లో, చెరువుల్లో మునిగిపోయిన మోటార్లు, పైపులు తీసే పనితో బతుకుతున్నాను. ఎంత లోతుకు దిగానో చూపించే డైవింగ్ వాచీని హన్మకొండలోని ఒక దుకాణంలో రూ.58 వేలకు కొన్నాను. డబ్బా మీద 100 మీటర్ల వరకు నీటిని తట్టుకుంటుందని, 40 మీటర్ల లోతు వరకు డైవింగ్‌కు వాడవచ్చని ఉంది. ఏడో నెలలో 12 మీటర్ల నీళ్ళున్న బావిలో దిగి వచ్చాక అద్దం లోపల చెమ్మ పట్టి వాచీ ఆగిపోయింది. నీటి వల్ల పాడైతే ఏడాది వారంటీ వర్తించదని, రూ.26 వేలు కడితే పాతది తీసుకొని వేరేది ఇస్తామని సర్వీస్ సెంటర్ వారంటున్నారు. పని కోసం కొన్నాను కనుక వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే హక్కు లేదని దుకాణదారు అంటున్నాడు. పైగా తాడుతో కొలిస్తే 12 మీటర్లు వచ్చిన చోట ఈ వాచీ 11.7 మీటర్లే చూపించేది. నేను ఏం చేయాలి?

జవాబు: దుకాణదారు చెప్పింది చట్టంలో సగం మాత్రమే. వాణిజ్య ప్రయోజనం కోసం వస్తువు కొన్నవారు వినియోగదారులు కారని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) చెబుతున్న మాట వాస్తవమే. అయితే స్వయం ఉపాధి ద్వారా కేవలం జీవనోపాధి సంపాదించుకోవడానికి కొని, స్వయంగా వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదని అదే సెక్షన్‌కు ఇచ్చిన వివరణలో స్పష్టంగా ఉంది. పాత చట్టం కింద లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరచి చెప్పింది. మీరే నీటిలోకి దిగుతున్నారు, వాచీ మీ చేతికే ఉంటోంది కనుక ఈ అభ్యంతరం నిలవదు. ఫిర్యాదు మొదటి పేరాలోనే ఈ సంగతి రాయండి. పదిమంది కూలీలను పెట్టి కాంట్రాక్టులు నడిపేవారైతే నా జవాబు వేరుగా ఉండేది.

ఇక అసలు విషయం. డైవింగ్‌కని అమ్మిన వస్తువుకు నీరు తగిలితే వారంటీ పోతుందనడం విడ్డూరమైన వాదనే. అయినా కమిషన్ ముందు కంపెనీ ఇంత మోటుగా వాదించదు. మీరు పరిమితికి మించిన లోతుకు దిగారని, నీటి లోపల బటన్లు నొక్కారని, వాచీ ఎక్కడో దెబ్బతిని రబ్బరు సీలు కదిలిందని అంటుంది. వీటిలో మొదటిదానికి జవాబు మీ వాచీయే రాసి పెట్టింది. లోతును నమోదు చేసే వాచీలు ప్రతి మునకకూ తేదీ, సమయం, గరిష్ఠ లోతు దాచి ఉంచుతాయి. ఫోన్‌లోని యాప్‌తో జత చేసి ఉంటే ఆ చిట్టా అక్కడ కూడా ఉంటుంది. ఏడు నెలల చిట్టాలో ఎక్కడా 40 మీటర్లు దాటలేదని, చివరి మునక 12 మీటర్ల దగ్గరే ఆగిందని, అంటే చెప్పిన పరిమితిలో మూడో వంతు కూడా కాదని చూపగలిగితే కేసు సగం తేలినట్టే. ఒక్కసారైనా పరిమితి దాటి ఉంటే అదే చిట్టా మీకు ఎదురు తిరుగుతుంది కనుక, నోటీసు పంపకముందే దాన్ని మొదటి నుంచి చివరి వరకు చూడండి.

ఈ చిట్టా ఎలక్ట్రానిక్ రికార్డు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం దీనికి ధ్రువపత్రం జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని కోర్టులంత కఠినంగా పాటించకపోయినా, ధ్రువపత్రం ఉంటే చిట్టా చెల్లదని ఎదుటివారు అభ్యంతరం చెప్పే దారి మూసుకుపోతుంది. ఫోన్‌ను రీసెట్ చేయవద్దు, యాప్‌ను తీసేయవద్దు. వాచీని ఏ మెకానిక్ చేతా విప్పించవద్దు. ఒక్కసారి వెనుక మూత తెరుచుకుంటే, సీలు మొదటి నుంచీ లోపభూయిష్టమైనదా, విప్పినప్పుడు పాడైందా అన్నది ఎవరూ తేల్చలేరు.

కంపెనీని మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 100 మీటర్లన్న మాట ఏ పరీక్ష మీద ఆధారపడింది? డైవర్ల వాచీలకు వర్తించే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 6425 ప్రమాణం ప్రకారం ప్రతి వాచీనీ విడిగా, చెప్పిన పీడనం కంటే 25 శాతం ఎక్కువ పీడనంలో పరీక్షించాలి. సాధారణ వాచీలకు వర్తించే ఐఎస్ఓ 22810 కింద కొన్ని నమూనాలను పరీక్షిస్తే సరిపోతుంది. తగిన పరీక్ష లేకుండా పనితీరుపై హామీ ఇవ్వడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష జరిగిందని నిరూపించే భారం కూడా ఆ మాట చెప్పుకునేవారి మీదే ఉంటుంది. అందువల్ల డబ్బాను, దాని మీది రాతను, కొన్న రసీదును జాగ్రత్త చేయండి. వారంటీ నిరాకరణను కారణంతో సహా సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్ (మరమ్మతు పత్రం) మీద రాయించుకోండి.

లోతు తేడా సంగతి ఫిర్యాదులో రాయవద్దు. వాచీ కొలిచేది నీటి పీడనాన్నే. దాన్ని లోతుగా మార్చేటప్పుడు మంచినీటికంటే కాస్త బరువైన నీటిని లెక్కలోకి తీసుకోవడం డైవింగ్ పరికరాల్లో పరిపాటి. బావి నీటిలో రెండు మూడు శాతం తక్కువ చూపించడం లోపం కాదు. ఆ వాదన తెస్తే కంపెనీ నిపుణుడు దాన్ని సులువుగా కొట్టిపారేస్తాడు, దానితోపాటు మీ బలమైన వాదన కూడా పలచబడుతుంది.

దుకాణదారును, తయారీదారును, విదేశీ వాచీ అయితే దిగుమతిదారును కూడా ప్రతివాదులుగా చేర్చి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు నివసించే చోటే వేసే హక్కు సెక్షన్ 34 ఇస్తుంది. చెల్లించిన ధర రూ.5 లక్షలలోపు కనుక రుసుము లేదు. గడువు రెండేళ్ళు, దాన్ని వారంటీ నిరాకరించిన రోజు నుంచి కాక, నీరు చేరిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. అవసరమైతే కమిషన్ వాచీని ప్రయోగశాలకు పంపుతుంది, దాని ఖర్చు ముందుగా మీరు కట్టవలసి రావచ్చు. ధర వాపసు లేదా కొత్త వాచీ, సముచిత పరిహారం, ఖర్చులు కోరండి. లక్షల్లో మానసిక వేదన రాసే అలవాటు మన దగ్గర ఉంది కానీ, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రూ.26 వేల ప్రతిపాదనకు ఇప్పుడే ఒప్పుకోకండి. డబ్బు కంటే, వారు పాత వాచీని వెనక్కి తీసుకుంటామనడమే ఇక్కడ చూడవలసింది. అది చేజారితే ప్రయోగశాలకు పంపడానికి మీ దగ్గర ఏదీ మిగలదు. పనికి వెంటనే వాచీ కావాలంటే వేరొకటి కొనుక్కొని రసీదు ఉంచుకోండి, పాతదాన్ని ఉన్నది ఉన్నట్టుగా దాచండి.