కాయిల్ పట్టుకునే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివిన. టీఎంఎస్ కాయిల్, అంటే తల మీద పెట్టి అయస్కాంతం బలంతోని మెదడును తట్టే తీగచుట్ట, దాంతోని మెదడును కదిలిచ్చి, మనుషులకు దూరం జరిగెటోళ్ల గురించి, పని మీద ఉషారు గురించి చూస్తనంటున్నవు. చదువు నీది, కాయిల్ 12 ఏండ్లు పట్టిన చెయ్యి నాది. అందుకే రాస్తున్న.

దేవరకొండ పెండ్లి యాదికున్నదా? మన చిన్నోడు పొద్దుగాల్నుంచి టెంటు ఎనుక బగోనలు తోముతనే ఉన్నడు, నీళ్లు మోసిండు. ఫొటోకు స్టేజీ ఎక్కమంటే మాయం. 'బద్దకం' అన్నది మీ అత్త. బద్దకమున్నోడు అన్ని బగోనలు తోముతడా? వానికి ఉషారు తక్కువ లేదు, నలుగురు చూస్తరన్న భయం ఎక్కువ. నీ ప్లాన్ల పైసల కోసం బటన్ ఎన్నిసార్లు నొక్కుతరన్నది ఒక్కటే ఉన్నది. దాంతోని ఈ రెండూ విడిపోవు. అదే పని ఒకసారి ఒంటరిగ, ఒకసారి ఎవరన్న చూస్తుంటె చేయించు.

స్కాన్ బొమ్మ ఫలానా చోటు పనిచేసిందనే చెప్తది. 1985ల షెఫీల్డ్‌ల ఆంటొనీ బార్కర్ వాళ్లు చూపిన ఈ పద్ధతితోని ఆ చోటునే కొంచెంసేపు కదిలిచ్చి, నడవడి మారుతదా అని అడగొచ్చు. కానీ మామూలు కాయిల్ బలం రెండు మూడు సెంటీమీటర్లు దాటితె సన్నబడుతది. భయంతోని సంబంధమున్న అమిగ్డలా అంతకన్న లోపల ఉంటది. నువ్వు నుదురెనుక పొరను తట్టి, అది లోపలిదాక పోతదని అనుకుంటున్నవు. అనుకున్నదాన్ని అనుకున్నట్టే రాయి.

బలం ఎంత పెట్టాల్నో బొటనవేలు చెప్తది. చెయ్యి దిండు మీద వదులుగ పెట్టించి, తల మీద కాయిల్ జరుపుకుంట పో. ఒకచోట వేలు ఉలిక్కిపడ్డట్టు ఎగురుతది. పదింట్ల ఐదుసార్లన్న కండరంల 50 మైక్రోవోల్టుల కరెంటు అలికిడి వచ్చే అతి తక్కువ బలమే ఆ మనిషి కొలత. నిన్నటోని నంబరు ఇయ్యాల పెట్టకు. 600 పల్సుల తీటా బర్స్ట్, అంటే గుంపులు గుంపులుగ జల్ది జల్ది తట్టుడు, ఆపి ఆపి ఇస్తె మూడు నిమిషాల చిల్లరల అయిపోతది, దాని పని మాత్రం ఎక్కువసేపు నిలవదు. అయిపోంగనే ఛాయ్ తాగిరమ్మని పంపకు.

పోల్చి చూసెటందుకు పెట్టే, మెదడును తట్టని ఉత్తుత్తి కాయిల్ గూడ టకటకమనాలె, తల మీద తట్టినట్టుండాలె. చివర్ల 'అసలుదనుకున్నవా, ఉత్తదనుకున్నవా?' అని అందర్నీ అడిగి రాసుకో.

నా తప్పొకటి చెప్త. అచ్చంపేట నుంచి రాత్రి బస్సుల ఒక పిల్లగాడొచ్చిండు. తలల లోహముందా, ఫిట్స్ వచ్చినయా అని అడిగి టిక్కులు పెట్టిన. నిద్ర సంగతి అడగలే. పది పల్సులు పడంగనే మొఖం తెల్లబోయి తల వాలేసిండు. ఫిట్స్ కాదు, సొమ్మసిల్లుడే. పండబెట్టి కాళ్లు ఎత్తినంక తేరుకున్నడు. నిద్ర లేకుంటె ఫిట్స్ ముప్పు గూడ పెరుగుతదని తెలిసీ చేసిన తప్పది. అప్పటిసంది నా మొదటి ప్రశ్న, 'రాత్రి ఎన్ని గంటలు పన్నవు, పొద్దున ఏం తిన్నవు?' చెవులల్ల ప్లగ్గులు మాత్రం మరువకు, నీకు గూడ.

ఒప్పుకోలు కాయితంల 'సామాజిక పరిహరణ' అని రాసినవు. పాలమూరుల ఎవరికి సమజైతది? 'నలుగుట్లకు పోబుద్ధి కాకపోవుడు' అని రాయి. కరెంటు అనంగనే షాక్ ట్రీట్‌మెంట్ అనుకుంటరు, అది కాదని మొదటి లైన్లనే చెప్పు.

మన చిన్నోన్ని మాత్రం ఈ స్టడీకి పిలవకు. ఇంటోడు, నువ్వు అడిగితె కాదనలేడు.

మీ పెద్దనాయిన