హర్మటన్ దుమ్ముగాలుల సీజన్‌లో ఆపరేషన్: గని దుమ్ము పీల్చినవాళ్లకు పూర్తి మత్తు ఇస్తే ఊపిరితిత్తులకు ఇబ్బందా?

మీరు అడిగింది ఇదీ: ఘానాలో టార్క్వా బంగారు గనుల దగ్గర ఖనిజాల కోసం రాళ్లు వెతికే ఎక్స్‌ప్లొరేషన్ జియాలజిస్టు ఉద్యోగం, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, జనవరిలో రాజధాని అక్రాలో లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్. "అన్నేళ్లు దుమ్ము మింగావు, పూర్తి మత్తు ఇస్తే తట్టుకుంటావా" అని ఇంటి నుంచి రోజూ ఫోన్లు. నేను డాక్టర్ని కాదండీ. కానీ అక్కడే అదే పని చేశాను, అదే ఆపరేషన్ చేయించుకున్నాను. రాళ్లు చూసేవాడి కడుపులో రాళ్లేమిటని నన్నూ ఆటపట్టించారు.

ఆపరేషన్ మానుకోవద్దు. మత్తు డాక్టరుకు మీ దుమ్ము సంగతి మాత్రం వివరంగా చెప్పండి. "మైన్‌లో పనిచేస్తాను" అంటే వాళ్లకేం అర్థమవుతుంది? ఏసీ గదిలో మ్యాపులు గీసేవాళ్లదీ మైన్ ఉద్యోగమే. టార్క్వా రాయి అంటే సుమారు 210 కోట్ల ఏళ్ల నాటి క్వార్ట్జ్ గులకరాళ్లు అతుక్కుని గట్టిపడ్డ కాంగ్లామరేట్. దాంట్లో ఆర్‌సీ రిగ్ (రాతిని పొడిచేసి గాలితో పైకి తెచ్చే డ్రిల్లింగ్ యంత్రం) దిగితే, ఆ పొడిని గాలి నుంచి వేరుచేసే సైక్లోన్ కింద ప్రతి మీటరుకీ ఒక సంచి నిండుతుంది. నీళ్లు సరిగ్గా కొట్టకపోతే ఆ పొడి పౌడరులా లేచి కనురెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. కంటికి కనపడేదాని కంటే కనపడని సన్నపొడితోనే ముప్పు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేది అదే. రిగ్ పక్కన ఎన్నేళ్లున్నారు, పొడి నమూనాను పంచే స్ప్లిట్టర్ దగ్గర మీరే నిలబడేవారా, కోర్‌ని (డ్రిల్లింగ్‌లో తీసిన రాతి కడ్డీని) తడిపి కోశారా పొడిగా కోశారా, మాస్క్ పెట్టుకునేవారా లేక మెడకు వేలాడేదా? ఇవన్నీ చెప్పండి. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించాలా అని మీరే అడగండి. సిలికోసిస్ (క్వార్ట్జ్ లాంటి రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశమూ ఎక్కువ కాబట్టి పాత దగ్గు, బరువు తగ్గడం లాంటివి దాచొద్దు. ఇది ఉత్తుత్తి భయం కాదు. దక్షిణాఫ్రికా బంగారు గని కార్మికుల సిలికోసిస్, టీబీ కేసులో 500 కోట్ల ర్యాండ్ల పరిహార ఒప్పందాన్ని 2019లో జొహానెస్‌బర్గ్ హైకోర్టు ఆమోదించింది. అయితే ఏళ్ల తరబడి భూమి లోపల పనిచేసినవాళ్లతో మనల్ని పోల్చుకోకూడదు. మనం ఎక్కువగా ఆరుబయటే ఉంటాం.

ఇక మత్తు సంగతి. ఇంట్లోవాళ్లు అనుకున్నట్టు మత్తుమందు ఊపిరితిత్తుల్లో ఉండిపోదు. వెల్లకిలా పడుకోబెట్టి మత్తు ఇచ్చేసరికి కండరాలు సడలి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం పైకి జరిగి, ఊపిరితిత్తుల అడుగున, వీపువైపు ఉన్న గాలి గదులు కొన్ని ముడుచుకుపోతాయి. దీన్నే అటెలెక్టాసిస్ అంటారు. పూర్తి మత్తు తీసుకున్నవాళ్లలో దాదాపు 90 శాతం మందికి ఎంతో కొంత వస్తుంది, చాలామందికి తెలియకుండానే పోతుంది. లాప్రోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు కాబట్టి ఆ ఒత్తిడి కూడా తోడవుతుంది. తర్వాత నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటే, దగ్గడం మానేస్తే ముడుచుకున్నవి తెరుచుకోవు. కఫం నిలిచిపోతుంది, న్యుమోనియాకు దారి దొరుకుతుంది.

నాకు సరిగ్గా అలాగే మొదలైంది. మర్నాడు పొద్దున వేలికి పెట్టిన మెషిన్‌లో ఆక్సిజన్ 91కి దిగింది. ఎక్స్‌రేలో కుడివైపు అడుగున అడ్డంగా తెల్లటి గీత. ఫిజియో అమ్మాయి వచ్చి ముందు నొప్పి మందు వేయించింది, అది పనిచేసేదాకా ఆగింది. అప్పుడు నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, తలగడ పొట్టకు అదిమి పట్టుకోమని, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి ఊదినట్టు "హఫ్" అని ఊదమంది. రెండు మూడుసార్లకు కఫం కదిలింది. ఆపైన వరండాలో నడిపించింది. సాయంత్రానికి 95. బంతులు పైకి లేచే స్పైరోమీటర్ కూడా ఇచ్చారు. అదొక్కటే పీలిస్తే చాలన్నదానికి గట్టి ఆధారాలు లేవు. నా మట్టుకు నాకు కూర్చోవడం, నడవడమే పనిచేసింది.

మనవాళ్లతో రెండు చిక్కులు. నొప్పి మందు ఎక్కువ వేసుకోకూడదని ఓర్చుకోమంటారు, పైగా కదలనివ్వరు. నొప్పి తగ్గితేనే గట్టిగా దగ్గగలరు, కాబట్టి డాక్టరు రాసిన మోతాదు టైముకు వేసుకోండి. భుజం నొప్పి వస్తే కంగారు పడకండి, చాలావరకు ఆ గ్యాస్ వల్లే. కానీ ఆయాసం, జ్వరం, ఛాతీ నొప్పి, పిక్క వాపు వస్తే వెంటనే చెప్పాలి.

ఈ దగ్గడం, ఊపిరి పీల్చడం ఆపరేషన్‌కు ముందే నేర్చుకోండి. 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అధ్యయనంలో, ముందుగా ఒక్కసారి ఫిజియో దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల సమస్యలు 27 శాతం నుంచి 12కి తగ్గాయి. వాళ్లవి పెద్దకోత ఆపరేషన్లు. మీది కీహోల్ కాబట్టి ముప్పే తక్కువ, అయినా అరగంట పనికి బద్ధకం ఎందుకు? సిగరెట్ ఉంటే కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి.

జనవరి గురించి. నవంబర్ నుంచి మార్చి దాకా హర్మటన్ వీస్తుంది. ఆ దుమ్ములో చాలా భాగం చాద్ దేశంలోని బొడెలే పల్లం నుంచి వస్తుంది. ఎండిపోయిన పురాతన మహా సరస్సు అడుగు అది, డయాటమ్ అనే నాచు గుల్లల పొడి. ఈ దుమ్ము రిగ్ దగ్గరి క్వార్ట్జ్ పొడి అంత చెడ్డది కాదు గానీ గొంతు ఎండిపోతుంది, దగ్గు పట్టుకుంటుంది. ఆపరేషన్‌కు ముందు నెలలో జలుబూ దగ్గూ లాంటి శ్వాస ఇన్ఫెక్షన్ వస్తే ముప్పు పెరుగుతుందని డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. రాళ్ల నొప్పి అదుపులో ఉంటే, సర్జన్ సరే అంటే, ఏప్రిల్‌కు జరపమని అడగండి. నొప్పి పదేపదే వస్తున్నా, జ్వరమో కామెర్లో కనిపించినా ఆ ప్రశ్నే లేదు, వెంటనే చేయించుకోవాలి. తర్వాత రిగ్ డ్యూటీకి పిలిచినప్పుడు, డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా కోర్ లాగింగ్ (తీసిన రాతి కడ్డీలను చూసి వివరాలు రాసే పని) మాత్రమే ఇవ్వమని మేనేజర్‌ని అడగండి, నాకు ఇచ్చారు.