‘ఫ్లాష్ వేయమ్మా’ అనే బాబాయ్‌లతో వేగేదెలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. రాజమహేంద్రవరంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తుంటాను. మొదట ఒక సీనియర్ దగ్గర అసిస్టెంట్‌గా చేశాను, ఇప్పుడు సొంతంగా బుకింగ్‌లు తీసుకుంటున్నాను. పని అంటే ప్రాణం. కానీ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ముక్కూ మొహం తెలియనివాళ్లు సలహాలు మొదలుపెడతారు. ‘ఫ్లాష్ వేయమ్మా, నల్లగా వస్తుంది’, ‘పెద్ద లెన్స్ లేదా?’, ‘మా అల్లుడి ఐఫోన్‌లో ఇంతకంటే బాగా వస్తాయి’... అక్కడితో ఆగినా బాగుండేది. ‘ఆడపిల్లవి, అర్ధరాత్రి ఈ తిరుగుడేంటి? నీ పెళ్లెప్పుడు?’ అని కూడా అడుగుతారు. పోయిన నెల ఒక పెళ్లిలో సరిగ్గా జీలకర్ర-బెల్లం సమయానికి ఒక పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని లాగి ‘ఇటు నుంచి తియ్యి’ అన్నారు. ‘అయితే మీరే తీసుకోండి’ అని కెమెరా ఆయన ముందు పెట్టేశాను. ఆయన పెళ్లికూతురి మేనమామట. ఇప్పుడు వాళ్ల నాన్నగారు మిగిలిన డబ్బు ఇవ్వకుండా నాన్చుతున్నారు. అమ్మేమో ‘ఇది మానేసి హాయిగా ఏదైనా ఆఫీసులో చేరు’ అంటోంది. పెళ్లి ముందు రోజు రాత్రి నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మోచెయ్యి సంగతి చూద్దాం. పనిలో ఉన్న మనిషిని పట్టుకుని లాగడాన్ని సలహా అనరు. మీకు కోపం రావడంలో తప్పేమీ లేదు, దానికి సిగ్గుపడకండి. అయితే మీరు కెమెరా పక్కన పెట్టేసినందుకు నష్టపోయింది ఆయన కాదు, పెళ్లికూతురు. గట్టిమేళం మోగి, ఇద్దరి చేతులూ ఒకరి తల మీదకు ఒకరివి వెళ్లి, అడ్డుతెర దిగే ఆ కాసేపు మళ్లీ రాదు. ఆ అమ్మాయి మిమ్మల్ని ఏమీ అనలేదు. వాళ్ల నాన్నగారి కోపంలో న్యాయం ఆ మేరకు ఉంది, అంతకు మించి లేదు.

ఇక ఆ పెద్దాయన. మేనమామ అంటే ఆ పూట మామూలు చుట్టం కాదు. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చిన మనిషి. పది నిమిషాల క్రితం దాకా అందరి కళ్లూ ఆయన మీదే ఉండి ఉంటాయి. బుట్ట దించగానే ఆయనకు పని అయిపోయింది. పెళ్లిళ్లలో సలహాలన్నీ ఇలాగే పుడతాయని నాకనిపిస్తుంది. ఒకప్పుడు వచ్చిన చుట్టాలు విస్తర్లు వేసేవారు, నీళ్లు పోసేవారు, పందిరి కింద కుర్చీలు సర్దేవారు. ఇప్పుడు అవన్నీ కేటరింగ్ వాళ్లవి, ఈవెంట్ వాళ్లవి. చేతులు ఖాళీ, నోరు ఖాళీ. అందుకే పంతులుగారికి ‘త్వరగా కానివ్వండి’ అని, వంటాయనకి ‘పులిహోరలో ఇంగువ తగల్లేదు’ అని, మీకు ‘ఫ్లాష్ వేయి’ అని చెబుతుంటారు. పంతులుగారు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? తల ఊపి, మంత్రం ఆపకుండా కానిచ్చేస్తారు.

మీరు కూడా తల ఊపడం నేర్చుకోవాలి, దాంతో పాటు వాళ్లకి ఏదైనా పని ఇవ్వాలి. ‘అలాగేనండి బాబాయ్‌గారూ, ఇది అవగానే మీరన్న వైపు నుంచి ఒకటి తీస్తాను. ఈలోపు ఆ ఫోన్లు పట్టుకుని ముందుకొస్తున్న కుర్రాళ్లని కాస్త పక్కకి జరుపుతారా?’ అనండి. చాలామంది అక్కడే మీ మనిషి అయిపోతారు. తర్వాత నిజంగానే ఆయనన్న వైపు నుంచి ఒక ఫోటో తీయండి. మీకు పోయేదేం లేదు.

అన్నట్టు, కెమెరా గురించి వాళ్లు చెప్పే మందు తప్పు కావచ్చు గానీ జబ్బు ఒక్కోసారి నిజమే. వెనకాల ఎల్‌ఈడీ వాల్ ధగధగా వెలుగుతుంటే ముందున్న ముఖాలు నల్లబడతాయి. దానికి ఏం చేయాలో మీకు తెలుసు, ఆయనకు తెలియక ఫ్లాష్ అంటున్నారు. ఐఫోన్ అల్లుడి సంగతీ అంతే. ఫోన్ తనే వెలుగునీడలు సర్దేసి పెద్ద స్క్రీన్ మీద చూపిస్తుంది, మీ ఫోటో ఎడిటింగ్ అయ్యేదాకా ఎవరికీ కనిపించదు. అంతసేపూ వాళ్లు పోల్చేది మీరు ఇంకా చూపించని ఫోటోతో. అందుకని పెళ్లికూతుర్ని చేసే దగ్గర తీసిన ఒక మంచి ఫోటో ఫోన్‌లోకి దింపుకుని, భోజనాల దగ్గర ఆడవాళ్లకి ఒకసారి చూపించండి. ఆ మాట హాలంతా పాకుతుంది. ఆపైన లెన్స్ ఎంత పెద్దదని ఎవరూ అడగరు.

వినాల్సిన సలహాలూ ఉంటాయి, వాటిని కూడా ఇదే గాటన కట్టేస్తారేమోనని నా భయం. ‘మా ఇంట్లో ఈ తంతు ముందు చేస్తారు’, ‘ఆ మూల కూర్చున్న ముసలావిడ అమ్మాయిని పెంచింది, ఎక్కువసేపు కూర్చోలేదు, ముందు ఆవిడతో ఒకటి తీయండి’, ‘ఆ ఇద్దరు అన్నదమ్ములకీ మాటల్లేవు, పక్కపక్కన నిలబెట్టకు’... ఇవి ఏ ట్రైనింగ్‌లోనూ దొరకవు. ఆ ఇంటివాళ్లకే తెలుసు. పని మీద విసుగ్గా ఉన్నప్పుడు అన్ని గొంతులూ ఒకేలా వినిపిస్తాయి, జాగ్రత్త.

ఇక మీ ఉత్తరంలో నాకు అసలు బరువుగా అనిపించింది ‘నీ పెళ్లెప్పుడు’ దగ్గర. లెన్స్ గురించి ఎవరో ఏదో అంటే మీరు నిద్ర పోగొట్టుకోరు. ఈ మాట మాత్రం ఇంటికి వెళ్లాక అమ్మ నోటి నుంచి మళ్లీ వింటున్నారు. హాల్లో వాళ్ల మీద వచ్చిన కోపంలో సగం ఇంట్లోదే అయి ఉండొచ్చు. ఈ రెంటినీ విడదీయండి. హాల్లో అడిగినవాళ్లకి ‘కుదిరితే మొదటి శుభలేఖ మీకేనండీ పిన్నిగారూ’ అని నవ్వి, కెమెరా కంటికి ఆనించి ముందుకు కదలండి. ఇంకేమీ వివరించవద్దు. ఎందుకు చేసుకోలేదో, సంబంధాలు చూస్తున్నారో లేదో, ఒక్క ముక్క చెప్పినా దాన్ని పట్టుకుని నాలుగు ప్రశ్నలు వస్తాయి.

అమ్మకు మాత్రం జవాబు చెప్పాలి. తెల్లవారుజామున రెండున్నరకి ముహూర్తం అంటే ఆవిడ ఆ రాత్రంతా మెలకువగానే ఉంటుంది. ఆవిడది సలహా కన్నా భయం. హాలు ఎక్కడ, వెంట అసిస్టెంట్ ఎవరు, కారు ఎవరిది, తిరిగి ఎన్నింటికి బయల్దేరతారు, ఇవన్నీ ముందే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. బయల్దేరగానే ఒక ఫోన్. నెల రోజులు ఇలా చేసి చూడండి, అప్పుడు ఆఫీసు ఉద్యోగం మాట ఎంత గట్టిగా వస్తుందో తెలుస్తుంది.

‘ఆడపిల్లకి ఈ పనేంటి’ అనేవాళ్లకి జవాబు ఎప్పుడో వచ్చేసింది. నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళా ఫోటోగ్రాఫర్ చేతిలోనే పెట్టారు. తర్వాత కాలంలో హోమై వ్యారవాలా మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టుగా పేరు తెచ్చుకున్నారు, 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. మొదట్లో ఆమె ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. చీరకట్టులో కెమెరాతో తిరుగుతుంటే జనం ఏదో సరదా అనుకున్నారట. అలా అనుకోబట్టే ఎవరూ అడ్డుకోలేదని, అది తనకు కలిసొచ్చిందని ఆమే చెప్పారు. మీకూ అలాంటి వీలు ఉంది. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మీరు వెళ్తే ఎవరూ పైట సర్దుకుని బిగుసుకుపోరు. మగ ఫోటోగ్రాఫర్‌కి ఆ తలుపు దగ్గరే సగం ఫోటోలు ఆగిపోతాయి. మీ రేటు చెప్పేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నిద్ర విషయం. పెళ్లి ముందు రోజు కాస్త టెన్షన్ ఉండటం మామూలే. పని లేని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోయినా, గుండె దడగా ఉన్నా, బుకింగ్ ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కాకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, అప్పుడు కూర్చుని మీ బుకింగ్ కాగితం మళ్లీ రాసుకోండి. ఫోటోల విషయంలో మీతో మాట్లాడేది ఇంటి తరఫున ఒక్కరే అని, ఆ ఒక్కరి పేరూ ఫోన్ నంబరూ అందులో ఉండాలి. ఎవరైనా మరీ మీదకొస్తే ‘అన్నయ్యగారూ, ఒకసారి వీరితో మాట్లాడండి’ అని ఆ మనిషికి అప్పజెప్పేయొచ్చు. మీద చెయ్యి వేస్తే పని ఆపే హక్కు మీకుందన్న మాట కూడా రాయండి. డబ్బులో ఎక్కువ భాగం పెళ్లి రోజుకే చేతికి రావాలి. ఆల్బమ్ నాటికి మిగిలేది చిన్న మొత్తమై ఉంటే ఎవరూ దాన్ని పట్టుకుని మిమ్మల్ని ఆడించలేరు.

ఇప్పుడున్న బాకీ మాత్రం ఆషాఢం దాకా ఆగకూడదు. ఈ వారమే పెళ్లికూతురి నాన్నగారికి మీరే ఫోన్ చేయండి. ‘ఆ సమయంలో కెమెరా పక్కన పెట్టడం నా పొరపాటేనండి, అమ్మాయికి క్షమాపణ చెప్తాను. నా చెయ్యి పట్టుకుని లాగడం కూడా సరికాదు’ అని రెండూ ఒకే గొంతుతో చెప్పండి. మేనమామ బుట్ట మోసుకొస్తున్న ఫోటో మీ దగ్గర ఉండే ఉంటుంది. దాన్ని 8×12 సైజులో ప్రింట్ తీసి ఆయనకని పంపించండి. డబ్బు మాట మాత్రం అదే ఫోన్‌లో కలపొద్దు. రెండు రోజులు ఆగి, మీరు చేసిన పని, వాళ్లు ఇచ్చిన అడ్వాన్స్, ఇంకా రావాల్సిన మొత్తం, ఆల్బమ్ ఇచ్చే తేదీ రాసి వాట్సాప్‌లో పెట్టండి.